విత్తనము - అచౌర్యవ్రతము

శ్రావకధర్మమునకు పునాది ఐదు అణువ్రతములు. వాటిలో మూడవదియగు అచౌర్యమును గూర్చి వర్తక కుటుంబములలో చర్చ తక్కువ. పరుల సొత్తు దొంగిలించువాడు తమలో ఎవ్వడును లేడని అందరికిని నమ్మకము. రాత్రి భోజనము మానినవారు, కందమూలములు వర్జించినవారు, పర్యూషణములో ఉపవసించువారు ఎందరో కలరు. అది సంతోషింపదగినదే. కాని ఉమాస్వాతి ఆచార్యుని తత్త్వార్థసూత్రము అచౌర్యమునకు ఐదు అతిచారములను చెప్పినది. దొంగను ప్రోత్సహించుట, దొంగసొత్తు కొనుట, రాజశాసనమును అతిక్రమించుట, తూనికలలో కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, మేలిసరకు పేర నాసిసరకు అమ్ముట. ఈ ఐదింటిలో ఒక్కటియు అడవిలో దారికాచు బందిపోటును ఉద్దేశించినది కాదు. అన్నియు అంగడిలో కూర్చున్నవానిని ఉద్దేశించినవే.

ఈ కాలమున ఈ వ్రతమునకు గట్టి పరీక్ష విత్తనాల అంగడిలో జరుగుచున్నది. పెద్ద కంపెనీలు, జన్యుమార్పిడి విత్తనములు మేలు చేసినవా, కీడు చేసినవా అని పండితులు, రైతులు, ప్రభుత్వములు వాదించుకొనుచున్నారు. ఆ వాదములో వర్తకుని పేరు అరుదుగా వినబడును. కాని విత్తనము కంపెనీనుండి చేనికి పోవు దారిలో అతని అంగడి ఉన్నది.

ఆదినాథ భగవానుడు కర్మభూమి ప్రారంభమున ప్రజలకు ఆరు వృత్తులను నేర్పినాడు. అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము. కృషియు వాణిజ్యమును ఒక్క గురువు నేర్పిన విద్యలే. తరువాతి కాలమున భూమిని దున్నుటలో జీవహింస కలదని తలచి అనేకులు నాగలి విడిచి తక్కెడ పట్టిరి. ఆ భయము మంచిదే. అయినను శాస్త్రము హింసను కృతము, కారితము, అనుమోదితము అని మూడు విధములుగా లెక్కించును. తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఇతరులు చేయగా మెచ్చుకొన్నది. విత్తనము అమ్మి, పురుగుమందు అమ్మి, రెంటికిని అప్పు పెట్టి, పండిన పంట కొని లాభము తీసినవాడు, తాను నాగలి పట్టలేదు గనుక పాపము అంటదని చెప్పుకొనుట ఎట్లు?

గౌతమీ గోదావరి ఒడ్డున, పుదుచ్చేరి పాలనలోనున్న యానాంలో మెట్టకూరు ఉన్నది. పేరులో మెట్ట యున్నను, చుట్టును ఉన్న డెల్టాలో వరియే ముఖ్యమైన పంట. ఈ డెల్టా రైతు ఎరిగిన వరి వంగడములలో పేరుపొందినవి పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రమున పుట్టినవి. 1982లో విడుదలయిన స్వర్ణ, దాని తరువాత వచ్చిన కాటన్‌దొర సన్నాలు అట్టివే. అది ప్రభుత్వ సొమ్ముతో నడచిన పరిశోధన. రైతు ఒకసారి విత్తనము తెచ్చుకొని, మంచి కంకులు ఏరి, గాదెలో దాచుకొని, మరుసటి ఏడు చల్లుకొనవచ్చును, పొరుగువానికి ఇవ్వవచ్చును. 2001లో పార్లమెంటు చేసిన శాసనము కూడ రైతు విత్తనము దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, పంచుకొనుటకు, కంపెనీ పేరు వేయకుండ అమ్ముకొనుటకు హక్కు నిలిపినది. వరిచేలవాడు ఇది సహజమని తలచును. అన్ని పంటలకును ఇట్లు లేదని తెలియవలెనన్న ప్రత్తి పండు వరంగల్లు, గుంటూరు, ఆదిలాబాదు జిల్లాల కథ వినవలెను.

మొదట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ప్రత్తిరైతు కష్టము జన్యుమార్పిడి విత్తనముతో మొదలు కాలేదు. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగు పడి ప్రత్తి పోయినది. చల్లిన మందులు పనిచేయలేదు. అప్పులు తీరక అనేకులు ఆ మందే త్రాగి ప్రాణములు విడిచిరి. అప్పటికి బీటీ ప్రత్తి ఈ దేశమున అమ్మకమునకు రాలేదు. ఆ దినములలో విత్తనము ఇచ్చినవాడు, మందు ఇచ్చినవాడు, అప్పు ఇచ్చినవాడు, పంట కొన్నవాడు చాల ఊళ్లలో ఒక్కడే. రైతుకు వేరొక సలహాదారు లేడు.

మట్టిలోనుండు ఒక సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో చేర్చి, కాయతొలుచు పురుగు కొరికిన పిమ్మట చచ్చునట్లు చేసినది బీటీ ప్రత్తి. అమెరికాలోని మోన్‌శాంటో విద్యను మహారాష్ట్రలోని మహికో కంపెనీ తన సంకర వంగడములలో చేర్చగా, కేంద్రము 2002 మార్చిలో అనుమతి ఇచ్చినది. మొదటి ఏడే వరంగల్లులో చాలమంది నష్టపడిరి. వానకొరత యొకటి, ఆ నేలలకు తగని వంగడములు మరియొకటి. 2005లో ఆ తొలి వంగడములు మూడింటిని ఆంధ్రప్రదేశమున అమ్మరాదని నిషేధము వచ్చినది. అయినను తరువాత వచ్చిన వంగడములతో దిగుబడి పెరిగినది, పురుగుమందు తగ్గినది, దేశము ప్రత్తిని విదేశములకు ఎగుమతి చేసినది. దేశములోని ప్రత్తి భూమిలో నూటికి తొంబది పాళ్లు దీనికే మారినది. మరికొన్ని యేండ్లకు గులాబిరంగు పురుగు ఈ విషమునకు అలవాటు పడి తిరిగి లేచినది. మందు చల్లుట మరల మొదలయినది.

ఇందులో ఏది సత్యము? ఏనుగును తడవిన గ్రుడ్డివారి వలె, లాభపడిన రైతు ఒకటి చెప్పును, మునిగినవాడు మరొకటి చెప్పును. శాస్త్రజ్ఞుడు పరిశోధన ఖర్చు చూపును. అహింసావాది చేనిలోని జీవులను చూపును. మందు చల్లిన చేనిలో తేనెటీగ, సాలెపురుగు మొదలుగా అడ్డువచ్చిన జీవులన్నియు చచ్చును. బీటీ చేనిలో ముఖ్యముగా కొరికిన పురుగు చచ్చును. హింస తగ్గినదనుట ఒక నయము. హింసను విత్తనములోనే నాటి ప్రతి యేట అమ్ముచున్నారనుట మరొక నయము. అనేకాంతము రెండింటిని వినుమనును. కాని అనేకాంతము తప్పించుకొను త్రోవ కాదు. అందరి మాటలోను కొంత సత్యము కలదని చెప్పి గల్లాపెట్టె మూసుకొనుట స్యాద్వాదము కానేరదు. అన్నివైపుల విన్నవాడు, తన చేతిలో ఉన్న పనిలో తన కర్తవ్యమును తేల్చుకొనవలెను.

కంపెనీల విషయములో పరిగ్రహమును చూడవలెను. 2005లో 450 గ్రాముల బీటీ విత్తనపు పొట్లము వెల 1,600 రూపాయలు దాటినది. అందులో 1,250 రూపాయలు జన్యువు గుణమునకు కట్టిన రుసుమే. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇది గుత్తాధిపత్యమని కేంద్రములోని గుత్తవ్యాపార నియంత్రణ సంఘము నెదుట వాదించినది. 2006లో పొట్లము 750 రూపాయలకు దిగినది. 2016లో కేంద్రము ఆ రుసుమును 49 రూపాయలుగా నిర్ణయించినది. 1,250 ఎక్కడ, 49 ఎక్కడ! పరిశోధన చేసినవానికి కూలి దక్కవలెను, సందేహము లేదు. కాని వస్తువు పరిగ్రహము కాదనియు, దానిపై పెంచుకొన్న మమకారమే పరిగ్రహమనియు ఆచార్యులు చెప్పిరి. 2018లో మోన్‌శాంటోను జర్మనీలోని బేయర్ కొన్నది. విత్తనమును, మందును కలిపి అమ్ము కొద్ది కంపెనీల చేతిలోనికి ప్రపంచపు విత్తన వ్యాపారములో పెద్దభాగము పోయినది. ఇంత చాలునను మాట ఆ లెక్కలలో ఎక్కడను కనబడదు.

అయితే కంపెనీని నిందించుట సులభము. ఆ పొట్లములోనే మరొక చిన్న పొట్లము ఉండెడిది. అందులో 120 గ్రాములు బీటీ కాని ప్రత్తిగింజలు. వాటిని చేను చుట్టును నాటవలెను. అచ్చట పెరిగిన పురుగులు విషమునకు అలవాటుపడనివి గనుక, అలవాటుపడిన పురుగుతో అవి కలియుటచే ఆ అలవాటు త్వరగా వ్యాపింపదు. ఇది శాస్త్రజ్ఞులు పెట్టిన జాగ్రత్త. అనేకులు దానిని నాటలేదు, గట్టున పారవేసిరి. నేల వృథా యగునని రైతు తలచినాడు. అది ఏల ఇచ్చిరో చెప్పుటకు అంగడిలో రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములు ఎందరు ఇచ్చిరి? గులాబిరంగు పురుగు తిరిగి వచ్చుటకు కారణములు అనేకము. వాటిలో వర్తకుని మౌనము కూడ ఒకటి.

మరియొకటి కలదు. కలుపుమందును తట్టుకొను ప్రత్తికి ఈ దేశమున అనుమతి లేదు. అయినను తెలుగునాట ఆ గింజలు చాటున అమ్ముడగుచున్నవి. ముద్ర లేదు, రసీదు లేదు. మొలవకున్న అడుగుటకు రైతుకు ఆధారము లేదు. దీనిని అమ్మినవాడు రాజశాసనమును అతిక్రమించినాడు. నాసిగింజను మంచి పేర అమ్మినయెడల మరియొక అతిచారమును చేసినాడు. దానితోబాటు కలుపుమందును అంటగట్టినయెడల, శ్రావకుడు వర్జింపవలసిన పదునైదు కర్మాదానములలో ఒకటియగు విషవాణిజ్యము కూడ చేరినది. ఆ గ్రంథములు వ్రాసినవారికి జన్యువు తెలియదు. మనుష్యుని ఆశ మాత్రము వారికి బాగుగ తెలియును.

ఒక దృష్టాంతము. మెట్టకూరు కౌలురైతు ఒకడు నారుమడి వేయుటకు ముందు యానాంలోని విత్తనాల కొట్టుకు వచ్చినాడని తలచవచ్చును. బల్లమీద సంకరవరి పొట్లము ఉన్నది. బొమ్మ అందముగా ఉన్నది. దానిపై లాభము ఎక్కువ.

"షావుకారుగారండీ, ఇది దాచుకుని మళ్లీ ఏడు కూడా చల్లుకోవచ్చాండీ?" అని రైతు అడిగినాడు.

షావుకారు ఒక క్షణము ఆగినాడు. ప్రక్కన కుమారుడు బిల్లుపుస్తకము తెరచి కూర్చున్నాడు.

"కుదరదు బాబాయిగారూ. ఇది రెండు జాతులు కలిపి చేసినది. మళ్లీ చల్లితే ఒక్కో దుబ్బు ఒక్కో తీరుగా వస్తుంది. ఏటా కొనవలసిందే. దిగుబడి ఎక్కువే, కాదనను. మీది కౌలుచేను, అప్పు కూడా ఉంది. చూసుకోండి."

రైతు ఆలోచించి స్వర్ణ విత్తనము పట్టుకొని వెళ్లినాడు. "అడగకపోతే చెప్పనక్కర లేదు కదా, నాన్నగారూ! ఆయన అడిగినందుకు మనకు బేరం పోయింది," అని కుమారుడు అన్నాడు.

"అడగనివాడికే ముందు చెప్పాలిరా. అడిగినవాడికి సగం తెలిసే ఉంటుంది," అని తండ్రి అన్నాడు.

ఆ నాటి లాభము పోయిన మాట నిజము. అచౌర్యము ఊరకనే పాలింపబడు వ్రతము కాదు.

ఈ ప్రశ్న వరిచేలకు కూడ వచ్చినది. ఆహారపు పంటలలో జన్యుమార్పిడికి ఈ దేశము జంకినది. వంకాయ బహుబీజమని అనేక జైనగృహములు వర్జించును. ఆ వంకాయయే 2010లో దేశమంతటను చర్చనీయమయినది. హైదరాబాదు మొదలుగా ఏడు నగరములలో ప్రజల మాట విని, ఫిబ్రవరిలో కేంద్రమంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయను నిలిపివేసిరి. 2025 మే నెలలో మాత్రము కేంద్రము రెండు క్రొత్త వరి వంగడములను ప్రకటించినది. ఒకటి హైదరాబాదు వరి పరిశోధన సంస్థవారు సాంబమసూరిని సవరించి చేసినది. రెండవది ఢిల్లీలో కాటన్‌దొర సన్నాలను సవరించి చేసినది. వీనిలో పరాయిజీవి జన్యువు లేదు; ఉన్న జన్యువునే సవరించిరి. ప్రభుత్వ సంస్థలు చేసినవే. కాని సవరించు విద్యపై హక్కులు విదేశస్థుల చేతిలో ఉన్నవి గనుక, రేపు ఆ గింజపై రుసుము పడునా, రైతు దాచుకొనగలడా అను ప్రశ్నను పలువురు లేవనెత్తుచున్నారు. మారుటేరు గింజ రూపు మారి అంగడికి వచ్చిననాడు రైతు మొదట అడుగునది షావుకారునే.

అప్పటికి శ్రావకవర్తకుడు సిద్ధముగా ఉండవలెను. పెద్ద నియమములు అక్కరలేదు. పొట్లముపైనున్నది చదివి వినిపించుట. దాచుకొనదగినదో కాదో అడుగకమునుపే చెప్పుట. రసీదు లేని గింజ ముట్టకుండుట. విత్తనము అప్పు ఇచ్చినందున మందు కూడ తనవద్దనే కొనవలెనని నిర్బంధింపకుండుట. పంట పోయిన ఏట వడ్డీకి హద్దు పెట్టుకొనుట. భగవాన్ మహావీరుని శ్రావకుడగు ఆనందుడు కోట్ల సువర్ణము గలవాడు. అయినను సేద్యము ఐదువందల నాగళ్ల నేలకు మించరాదని, బండ్లు ఇన్నియని, ధనము ఇంతయని వ్రతము పట్టినాడు. అతడు వ్యాపారము మానలేదు, సేద్యము మానలేదు. హద్దు గీసికొన్నాడు. లాభమునకు హద్దు గీసికొన్నవానికి నిజము చెప్పుట కష్టము కాదు.

సంవత్సరి దినమున ప్రతి యింటను ఒకరినొకరు "మిచ్ఛామి దుక్కడం" అని క్షమాపణ కోరుకొందురు. బంధువులకు ఉత్తరములు వ్రాయుదురు, ఫోనులు చేయుదురు. ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను స్మరింతురు. ఖాతాపుస్తకములో పేరున్న కౌలురైతు ఆ జీవులలో ఒకడే. సంవత్సరమున ఒక్కదినము ఆ పుస్తకము తెరచి, పంట పోయినవాని పేరు ఎదుట ఆగి, అతనికి చెప్పవలసినదేదయినను చెప్పక దాచితినా యని వర్తకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. దాచినయెడల మెట్టకూరు అయినను, మరే ఊరయినను, అతని గడపకు నడచిపోయి ఆ మాట చెప్పవలెను. ఆ తరువాత దీపావళినాడు క్రొత్త ఖాతాకు చేయు పూజ సార్థకమగును.

జయ జినేంద్ర.