ఆటకు యజమాని ఎవరు? స్వామ్యం, దానం, ధర్మకర్తృత్వం

ఒక వస్తువును డబ్బిచ్చి కొన్నవాడు ఒకడై, దానికి విలువ తెచ్చిన మమకారం వేలమందిదైనప్పుడు, కొన్నవాడి అధికారం ఎంతదూరం సాగుతుందన్న ప్రశ్న ధర్మశాస్త్రానికి కొత్తది కాదు. ఆలయ మాన్యాల విషయంలో, వక్ఫు భూముల విషయంలో, ఊరి చెరువుల విషయంలో అది శతాబ్దాలుగా నలుగుతూనే ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బు, అది ఆడే స్టేడియం ఈ వరుసలో ఇటీవల చేరాయి. చట్టం దృష్టిలో క్లబ్బు ఒక కంపెనీ, దాని వాటాలు అమ్ముకోదగిన ఆస్తి. అభిమాని దృష్టిలో అది ఊరి పేరు మోసే జట్టు. ఈ రెండూ విభేదించినప్పుడు ఏది నిలవాలో తేల్చడానికి భారతీయ చింతనలో కావలసినంత సామగ్రి ఉంది. ఆ సామగ్రి ఆచరణలో ఎలా నడుస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూపే అనుభవం నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పరిసర గ్రామాల్లో ఉంది.

తెలుగు నేలపై ఈ ప్రశ్నను సూటిగా లేవనెత్తినది హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్ర. పూణె క్లబ్బు మూతపడగా ఏర్పడిన ఖాళీలో 2019లో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఈ క్లబ్బును స్థాపించి ఇండియన్ సూపర్ లీగ్‌లోకి తెచ్చారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ నగర పోలీసు జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఆ నగరానికి మిగిల్చిన కీర్తి ఈ కొత్త క్లబ్బుకు పైసా ఖర్చు లేకుండా సంక్రమించింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి అది లీగ్ విజేతగా నిలిచింది. రెండేళ్లు గడిచేసరికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదన్న నిషేధాలు, ఆటగాళ్ల వలస కలిసి క్లబ్బును 2023-24 పట్టికలో అట్టడుగుకు చేర్చాయి. 2024లో బీసీ జిందాల్ గ్రూపు దానిని చేజిక్కించుకుంది. 2025లో అది ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఊరి పేరుతో పుట్టిన జట్టు ఊరిని విడిచి వెళ్లడానికి ఊరివారి సమ్మతి కావాలని ఏ నిబంధనా అడగలేదు.

స్వత్వం, అంటే ఒక వస్తువు ఒకరిది కావడం, దేనివల్ల ఏర్పడుతుందన్న విషయంపై మన శాస్త్రకారులు లోతుగా వాదించుకున్నారు. కళ్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు స్వత్వం లౌకికమని, అంటే శాస్త్రం ప్రత్యేకంగా విధిస్తే పుట్టేది కాక లోకవ్యవహారం వల్లనే తెలిసేదని నిర్ణయించాడు. పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా తెలుగులోకి వచ్చినది ఈ సంప్రదాయమే. ఈ నిర్ణయం పైకి చిన్నదిగా కనిపించినా దాని ఫలితం పెద్దది: స్వత్వం లోకవ్యవహారం మీద ఆధారపడేదైతే, లోకం మారినకొద్దీ దాని హద్దులను తిరిగి గీసే అధికారం కూడా లోకానికే ఉంటుంది.

అంతకు చాలా ముందే మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి మరింత కఠినమైన మాట చెప్పాడు. ఒక వస్తువును తన ఇష్టానుసారం వినియోగించగలవాడే దానికి యజమాని. దేవత ఊరినిగాని పొలాన్నిగాని ఇష్టానుసారం వినియోగించదు కనుక దేవుని ఊరు, దేవుని పొలం అనే మాటలు ఉపచారం మాత్రమే, అంటే అలంకారంగా వాడేవి మాత్రమే అని ఆయన వాదం. ఆధునిక న్యాయస్థానాలు వేరే దారి పట్టాయి. 1925లో ప్రమథనాథ్ మల్లిక్ కేసులో ప్రివీ కౌన్సిల్ విగ్రహాన్ని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించింది. 2019 అయోధ్య తీర్పు ఆ వ్యక్తిత్వానికి మూలం దాత సంకల్పించిన ధర్మప్రయోజనమేనని వివరించింది. వక్ఫులో సైతం ఆస్తి అల్లాకు చెందినదిగా భావిస్తారు. ముతవల్లీ దాని నిర్వాహకుడే తప్ప యజమాని కాడు. సిద్ధాంతాలు వేరైనా ఇవన్నీ కలిసే చోటు ఒకటుంది: ఒక ప్రయోజనానికి అంకితమైన ఆస్తిని చేతిలో పెట్టుకున్నవాడికి పాలించే అధికారం ఉంటుంది, ఇష్టానుసారం వినియోగించే అధికారం ఉండదు. ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కి హుండీలో కానుక వేసిన భక్తుడికి ఈ భేదం ఎవరూ బోధించనక్కరలేదు; తన రూపాయి పూజారికీ కమిటీకీ సొంతం కాదని అతడికి తెలుసు.

ఫుట్‌బాల్ క్లబ్బును ఈ వర్గంలో చేర్చడంపై బలమైన పూర్వపక్షం, అంటే ఎదుటివాదం, ఉంది. దేవాలయానికి ఆస్తి ఇచ్చినవాడు దానిని వదులుకున్నాడు. క్లబ్బు యజమాని దేనినీ వదులుకోలేదు, పైగా ఏటా నష్టాలు భరిస్తున్నాడు. అభిమాని టికెట్టు కొన్నాడు, ఆట చూశాడు, అక్కడితో లెక్క తీరింది. నష్టం ఒకరిదై నిర్ణయం మరొకరిదైతే అదీ అధర్మమే. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. కానీ ఇది క్లబ్బులో రెండు వేర్వేరు వస్తువులున్నాయని గమనించదు. వాటాలు, ఒప్పందాలు, బస్సులు, బంతులు డబ్బుతో కొన్నవి, అవి కొన్నవాడివే. ఊరి పేరు, రంగులు, రహీం కాలం నుంచి పోగుపడిన జ్ఞాపకం, ప్రతి వారం స్టాండులో నిలబడిన జనం విశ్వాసం ఎవరూ కొన్నవి కావు, కాబట్టి ఎవరూ అమ్మగలిగినవీ కావు. తొలి భాగం మీద యజమానికి స్వామ్యం, రెండో భాగం మీద ధర్మకర్తృత్వం మాత్రమే ఉంటాయన్నది ఇక్కడి సిద్ధాంతం. నష్టం భరించలేనివాడు తన వాటా అమ్ముకుని తప్పుకోవచ్చు. జట్టును ఊరి నుంచి పెకలించుకుపోవడం మాత్రం తనది కానిదాన్ని తీసుకుపోవడమే.

ధర్మకర్తృత్వం అంగీకరించిన మరుక్షణం యజమాని పేరు బయటపెట్టడం మర్యాద స్థాయి నుంచి విధి స్థాయికి చేరుతుంది. కర్మకు ఫలం ఉంటుందన్న నమ్మకమంతా కర్త ఎవరో నిర్ణయించగలమన్న ఆధారం మీద నిలిచింది. ఒక కంపెనీ వెనుక మరో కంపెనీ, దాని వెనుక ఇంకో ట్రస్టు పేర్చితే కర్మ మిగిలి కర్త మాయమవుతాడు. జీతం అందని ఆటగాడు అప్పుడు ఎవరిని అడగాలి? 2013 కంపెనీల చట్టంలోని 90వ సెక్షన్, దాని కింద చేసిన నియమాలు ఈ లోపాన్ని గుర్తించాయి; పరోక్షంగానైనా పది శాతం, అంతకు మించిన ప్రయోజనం అనుభవిస్తున్న అసలు మనిషి తన పేరు ప్రకటించాలని అవి కోరుతున్నాయి. అయితే ఆ ప్రకటన కంపెనీకీ రిజిస్ట్రారుకూ చేరితే చట్టం తృప్తిపడుతుంది. ధర్మం తృప్తిపడాలంటే ఆ పేరు, డబ్బు వచ్చిన దారి, అప్పుల జాబితా స్టాండులో కూర్చునే మనిషికి అర్థమయ్యే భాషలో అతడికే చేరాలి.

స్టేడియం విషయంలో చిక్కు మరింత గట్టిది, ఎందుకంటే అక్కడ భూమి, డబ్బు, వాడకం మూడూ మూడు చేతుల్లో ఉంటాయి. గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం ప్రజల సొమ్ముతో కట్టినది. హైదరాబాద్ ఎఫ్‌సీ దానిని వాడుకుంది, నగరం విడిచింది, స్టేడియం మిగిలింది. 2025లో ప్రకటించిన తెలంగాణ క్రీడా విధానం ప్రైవేటు భాగస్వామ్యాన్ని ఆహ్వానించింది కనుక, స్టేడియాన్ని పునర్నిర్మించడానికి డబ్బు పెట్టినవాడికి దాని మీద ఏం హక్కు వస్తుందో ముందే తేల్చుకోవాలి. ధర్మశాస్త్రం ఇక్కడ దానానికీ ఉత్సర్గానికీ భేదం చెబుతుంది. దానంలో దాత తన స్వత్వాన్ని వదిలి ఒక నిర్దిష్టమైన గ్రహీతకు స్వత్వం కలిగిస్తాడు. ఉత్సర్గంలో చెరువునో తోటనో సర్వప్రాణుల కోసం విడిచిపెడతాడు, ఆ తరువాత అతడు కూడా ఆ నీళ్లు తాగేవారిలో ఒకడు మాత్రమే. సప్తసంతానాల్లో, అంటే సంతానంతో సమానంగా ఎంచిన ఏడు పుణ్యకార్యాల్లో, తటాకానికి చోటిచ్చిన తెలుగు సమాజం ఉత్సర్గంతో పాటు దశబంధం అనే మరో ఏర్పాటునూ ఎరుగును: చెరువు తవ్వించినవాడికి, మరమ్మతు చేసినవాడికి దాని ఆయకట్టు నుంచి నిర్ణీతమైన భాగం ఇచ్చి, ఆ షరతులను శాసనంగా చెక్కించేవారు. పెట్టుబడికి ప్రతిఫలం అధర్మం కాదు. దాని హద్దు రాతిమీద అందరికీ కనిపించేలా ఉండాలన్నదే నియమం. స్టేడియం ఒప్పందాలు వ్యాపార రహస్యం పేరుతో మూసి ఉంచినప్పుడు జరిగేది దశబంధమూ కాదు, ఉత్సర్గమూ కాదు, ఉమ్మడి ఆస్తి నిశ్శబ్దంగా చేతులు మారడం.

ఇతర దేశాలు ఇదే సత్యాన్ని దెబ్బలు తిని నేర్చుకున్నాయి. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలించగా, అభిమానులు అంతకు ముందు ఏడాదే తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు; తమకు తామే బాండ్లు కొని 2020లో పాత వీధి ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం తెరిచారు. లండన్‌లో చెల్సీ మైదానపు భూమి వేలాది చిన్న వాటాదారుల సంస్థ చేతిలో ఉంది. 2011లో క్లబ్బు దానిని తిరిగి కొనబోతే తగినంత మద్దతు దొరకలేదు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి మించిన భాగం సాధారణంగా సభ్యుల సంఘానికే ఉండాలి. 2025లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఫుట్‌బాల్ పాలన చట్టం యజమానుల అర్హతను పరీక్షించడానికి, సొంత మైదానం అమ్మకాన్ని అడ్డుకోవడానికి స్వతంత్ర నియంత్రణ సంస్థను నెలకొల్పింది.

సభ్యుల చేతిలో పెడితే చాలు, ధర్మం నిలుస్తుందని నమ్మేవారికి ఆర్మూర్, బాల్కొండ ప్రాంతపు గ్రామాభివృద్ధి కమిటీలు ఒక పాఠం. కులానికి కొందరు ప్రతినిధులతో ఏర్పడే ఈ కమిటీలు వ్యాపార హక్కులను వేలం వేసి, ఆ డబ్బుతో గుడులు, బడులు, రోడ్లు బాగుచేసిన ఉదాహరణలు అనేకం. ఊరి సొమ్ము లెక్క ఊరి మధ్య చెప్పే ఆచారం ఏ కంపెనీ వార్షిక నివేదికకూ తీసిపోదు. అదే కమిటీలు తమ మాట కాదన్న కుటుంబాలపై సాంఘిక బహిష్కరణ విధించిన ఘటనలు పోలీసు స్టేషన్ల దాకా, కోర్టుల దాకా వెళ్లాయి. లెక్క తెలిసినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని, ఉమ్మడి యాజమాన్యం తనలోని బలహీనుడి మీద కత్తి కాగలదని ఇవి నిరూపించాయి. పసుపు రైతుల అనుభవమూ ఇదే చెబుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి దిగినది ధర తెలియక కాదు, ధరను నిర్ణయించే చోట తమ మాటకు స్థానం లేకనే. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చాక కూడా ఆ స్థానం ఎంతన్నదే అసలు కొలత.

కాబట్టి క్లబ్బుకైనా స్టేడియానికైనా మూడు షరతులు కలిసి ఉండాలి. అసలు కర్త పేరూ డబ్బు దారీ అందరికీ తెలియాలి. ఊరి పేరు, మైదానం వంటి అమ్మరానివాటి మీద ఊరివారికి నిరోధించే ఓటు ఉండాలి. ఆ ఊరివారిలో మైనారిటీగా మిగిలినవాడిని కాపాడే చట్టం పైన ఉండాలి. మొదటిది లేనిదే రెండోది గుడ్డిది, మూడోది లేనిదే రెండోది క్రూరమైనది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి జాతీయ జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్యకు 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఇచ్చింది కనుక, ఈ జిల్లాలో మైదానాలకు డబ్బు తెచ్చేవారు రేపు రాక మానరు. వారిని ఆహ్వానించే ముందే ఈ షరతులను రాసిపెట్టుకోవడం ఆర్మూర్ వంటి పట్టణాలకు అసాధ్యం కాదు. వేలంపాట నియమాలు ముందు చదివి వినిపించాకే పాట మొదలుపెట్టడం ఆ ప్రాంతానికి అలవాటే.