వందకు వంద వస్తే చాలా?

బరంపురం బడా బజార్‌లో మా పక్కింటి మావయ్యకు చూపు లేదు. ఫోన్‌లో స్క్రీన్ రీడర్ చదివితే వింటారు. ఒకసారి ఒక వెబ్‌సైట్‌లో దరఖాస్తు చివరి తేదీని ఫొటోలో పెట్టారు. రీడర్ "నోటీసు ఒకటి" అని ఊరుకుంది. గడువు దాటిపోయింది.

ఆ పేజీని గూగుల్ వారి లైట్‌హౌస్‌తో పరీక్షించాను. అందుబాటులో 100కి 100! ఫొటోకు వివరణ ఉందో లేదో అది చూస్తుంది. ఆ వివరణలో విషయం ఉందో లేదో దానికి తెలీదు.

అలాగని ఈ పరికరాలు వద్దనను. మనం మరచిపోయినవి అవి వెతికి చూపిస్తాయి. వికలాంగులకూ సమాచారం అందాలని 2016 హక్కుల చట్టం చెబుతోంది. కానీ మార్కులు వచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. "మీకు తెలిసిందా?" అని చూపులేని మనిషిని అడగాలి. పక్కింట్లోనే ఉన్న నేనూ అడగలేదు కదా!