న్యాయవాదియు నేరకథయు

కక్షిదారుడు చెవిలో జెప్పిన మాటను కడుపులో దాచుకొనుట న్యాయవాదికి ధర్మము. దాగియున్న దానిని పదిమంది యెదుట బెట్టుట నేరకథ వ్రాయువానికి వృత్తి. ఈ రెండు పనులను ఒక్క మనుష్యుడే చేయబూనిన యెడల, మొదటిదానికి ద్రోహము జరుగకుండ రెండవది సాగునా? పగలు న్యాయస్థానములో వాదించి, రాత్రివేళ హత్యల కథలు వ్రాసి, ప్రకటించువారు దొరకనిచో సొంత సొమ్ముతో నచ్చు వేయించుకొను న్యాయవాదులు పెక్కు దేశములలో గలరు. వీరిని జూచి కొందఱు నవ్వుదురు, కొందఱు శంకింతురు. మేము నవ్వుటకు గాని నిందించుటకు గాని పూనుకొనలేదు. ఈ మార్గమున ధర్మ మెంతవఱకు గలదో విచారింపవలెననియే మా తలంపు.

ఈ త్రోవను ముందుగ నడచినవారిలో ఫెర్గస్ హ్యూమ్ ఒకడు. ఇతడు 1859లో ఇంగ్లండున బుట్టి, న్యూజీలాండులోని డునెడిన్ పట్టణమున బెరిగెను. అచ్చటనే న్యాయశాస్త్రము నభ్యసించి 1885లో బారిస్టరుగా నంగీకరింపబడెను. పిమ్మట మెల్బోర్న్ నగరమునకు వలసపోయి యొక బారిస్టరునొద్ద గుమాస్తాగా గుదిరెను. నాటకకర్త కావలెనని యతని కోరిక. కాని నాటకశాలల యజమానులు అతని వ్రాతలను కన్నెత్తి చూడరైరి. అప్పు డతడు పుస్తకముల యంగడికి బోయి, యే పుస్తకములు మిక్కిలిగ నమ్ముడుపోవుచున్నవని యడిగెను. ఫ్రెంచి రచయితయగు గాబోరియో యొక్క అపరాధ పరిశోధక కథలని యంగడివాడు చెప్పెను. హ్యూమ్ వానిని కొని చదివి, ఆ తీరున "ది మిస్టరీ ఆఫ్ ఎ హాన్సమ్ క్యాబ్" అను నవలను వ్రాసెను. వలసదేశమువాడు చదువదగినదేదియు వ్రాయజాలడని చెప్పి ప్రచురణకర్తలు వ్రాతప్రతిని జూచుటకును నిరాకరించిరి. పరాయి యేలుబడిలో బ్రదికిన మన పెద్దల కిట్టి మాట క్రొత్తది కాదు. తుదకు 1886లో నతడు తానే దానిని ప్రకటించెను. మొదటి కూర్పు సుమారు 5000 ప్రతులనియు, అవి మూడు వారములలో చెల్లిపోయెననియు నతడే తరువాత వ్రాసికొనెను. అయినను, పుస్తకపు హక్కులను 50 పౌండ్లకే విక్రయించినందున, ఇంగ్లండులో లక్షలకొలది ప్రతులు చెల్లినపుడు దాని ఫలము నతడు పొందజాలకపోయెను.

ఆ నవలలో మన విచారమునకు గావలసిన సంగతి యొకటి కలదు. రాత్రివేళ బాడుగబండిలో నొకడు హత్య గావింపబడును. నేరము బ్రయన్ ఫిట్జెరాల్డ్ అను యువకునిపై మోపబడును. ఆ సమయమున దానెచ్చట నుండెనో చెప్పినచో నతడు బ్రదుకును. చెప్పినచో దాను వరించిన కన్య యింటికి దలవంపులు గలుగును. అతని న్యాయవాది కాల్టన్ ఎంత బ్రతిమాలినను నతడు నోరు విప్పడు. కడపట పేదల వాడలో బ్రదుకు సాల్ రాలిన్స్ అను నామె సాక్ష్యమే యతని రక్షించును. హంతకు డెవ్వడను ప్రశ్నతో బాటు, ఉరికంబ మెదుట నుండగా బరుల మానముకొఱకు మౌనము వహించుట తగునా యను ప్రశ్నయు నా కథను నడుపుచున్నది. కక్షిదారుల గుట్టు అమ్ముకొనుటవలన గాక, గుట్టు మనుష్యునిపై నెంత బరువో యెఱుగుటవలన నేరకథకు బలము వచ్చునని దీనినుండి మేము గ్రహించుచున్నాము.

మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టము ఈ గుట్టును శాసనముచే గాపాడెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున నమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ రక్షణను నిలిపియుంచినది. వృత్తి సందర్భమున కక్షిదారుడు చెప్పిన మాటను, అతని యంగీకారము లేనిదే న్యాయవాది వెల్లడింపరాదు. వ్యాజ్యము ముగిసినను ఈ బంధము తెగదు. అక్రమమైన పనికి సాయము గోరి చెప్పిన మాటకు మాత్రము రక్షణ లేదు.

ఈ ధర్మమెంత కఠినమో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన సంగతి చూపును. 1982లో జరిగిన యొక హత్యకు ఒకడు పట్టుబడి యావజ్జీవ శిక్ష పొందెను. ఆ హత్య చేసినది తానేయని మఱియొకడు తన న్యాయవాదు లిద్దఱితో నొప్పుకొనెను. వారు దానిని కాగితముపై వ్రాసి, ముద్రవేసి, పెట్టెలో దాచిరి. కక్షిదారుడు 2007లో మరణించిన పిమ్మటనే దానిని వెల్లడించిరి. నిర్దోషి 2008లో చెఱ వెడలెను. అప్పటికి 26 సంవత్సరములు గడచిపోయినవి. ఆ మౌనము ధర్మమా, అధర్మమా యను వివాదము తీరలేదు. మేమును దానిని దీర్పజాలము. కాని యొకటి నిశ్చయముగ జెప్పగలము. నిర్దోషి స్వేచ్ఛకొఱకు సైతము తెఱువబడని పెట్టెను కథకొఱకు దెఱచుట కెవ్వరికిని హక్కు లేదు.

"పేరులు మార్చితిమి గదా" యని కొందఱు సమాధానము చెప్పుదురు. న్యాయస్థానమున్న చిన్న యూరిలో పేరు మార్చినంతనే మనుష్యుడు మఱుగుపడడు. అన్నదమ్ముల పంపకము, పొలముగట్టు తగవు, కాపురమునకు వచ్చిన యేడాదికే కోడలి చావు: ఈ గుర్తులు చాలును, వీధి యంతయు వేలు చూపును. కావున న్యాయవాది తన వ్రాతను అచ్చునకు బంపుటకు ముందు తన్ను దానడుగుకొనవలసిన ప్రశ్న యిది: ఈ పుస్తకమును నా కక్షిదారుని చేతిలో, అతని తల్లి చేతిలో, నేను తల వంచుకొనక పెట్టగలనా? పెట్టజాలని యెడల నా పుటలు వ్రాతబల్లలోనే యుండదగినవి.

మఱి న్యాయవాది తన యనుభవమునుండి యేమి తీసికొనవచ్చును? దీనికి జాన్ గ్రిషమ్ ఒక యుదాహరణము. ఇతడు మిసిసిపీ రాష్ట్రమున సుమారు పది సంవత్సరములు న్యాయవాదిగ బనిచేసెను. 1984లో న్యాయస్థానమున నొక బాలిక తనపై జరిగిన యత్యాచారమును గూర్చి సాక్ష్యమిచ్చుట వినెను. ఆ బాలిక కథను అతడు వ్రాయలేదు. ఇట్టి బిడ్డ తండ్రి ఆ దుర్మార్గులను దానే చంపినచో నేమగును, న్యాయసభ వాని నేమి చేయవలెను అను ప్రశ్నను దీసికొని కల్పన జేసెను. తెల్లవాఱకమునుపే లేచి మూడేండ్లు వ్రాసిన ఆ "ఎ టైమ్ టు కిల్" నవలను పెక్కుమంది ప్రచురణకర్తలు త్రోసిపుచ్చిరి. 1989లో నొక చిన్న సంస్థ 5000 ప్రతులు వేయగా, అందు వేయి ప్రతులను తానే కొని, కారులో బెట్టుకొని తిరిగి యమ్మెను. ఒకరి దుఃఖము వారిదే. ఆ దుఃఖము మన మనస్సులో లేపిన ప్రశ్న మనది. ఈ భేదము నెఱిగినవానికి వ్రాయుటకు సంకోచ మక్కఱలేదు.

నేరకథలు పిల్లలను జెఱచునని మన యిండ్లలో పెద్దలు వానిని లాగివైచుటయు, పిల్లలు పాఠ్యపుస్తకముల మాటున వానినే చదువుటయు జరుగుచునే యుండెను. మాకు దోచినంతలో భయపడవలసినది హత్యను గూర్చి చదువుటకు గాదు. పట్టుబడినవాడే దోషియనియు, ఒప్పుకోలే సత్యమనియు, బీదవానికిని ధనవంతునికిని న్యాయస్థానపు మెట్లు సమానమే యనియు నమ్మించు కథకు భయపడవలెను. ఆ భ్రమను దొలగించుటకు న్యాయవాదికంటె దగినవాడెవ్వడు? పెర్రీ మేసన్ కథలు వ్రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ 1911లో న్యాయవాదియై, కాలిఫోర్నియాలో చీనావారి పక్షమున వాదించినవాడు. కథలవలన గీర్తి వచ్చిన పిమ్మట 1948లో నొక మాసపత్రిక మూలముగ, అన్యాయముగ శిక్షింపబడిరని తోచినవారి వ్యాజ్యములను నిపుణులచే మరల బరిశోధింపజేయు నుద్యమము నారంభించెను. దానివలన గొందఱు విడుదలయిరి. కథవలన గలిగిన కీర్తి యిట్లు చెఱసాల తలుపును దట్టెను.

ఇక స్వయముగ నచ్చు వేయించుకొనుటను గూర్చి. న్యాయవాది తన్ను దాను ప్రకటించుకొనరాదని మన దేశపు వృత్తినియమము. సొంత పుస్తకము నమ్ముకొనువాడు దానిని ప్రకటింపక సాగదు. ఒకే మనుష్యునియందీ రెండును గలసినపుడు, పుస్తకపు ప్రకటన వకీలు ప్రకటనగ మాఱకుండ జూచుకొనుట సులభము గాదు. అంతకంటె గొప్ప చిక్కు వేఱొకటి కలదు. న్యాయసభలో నతడొక్క మాట యెక్కువ పలికినచో నెదుటి పక్షపు వకీలు లేచును, న్యాయాధిపతి వారించును. ప్రచురణాలయమున సంపాదకుడు సందేహించును. తన సొమ్ముతో దాను వేసికొను పుస్తకమున కా యడ్డులేవియు లేవు. అందుచేత నట్టి రచయిత తనలో నొక యెదుటి వకీలును నిలుపుకొని, ప్రతి పుటకును సంజాయిషీ చెప్పుకొనవలెను.

చదువరుల కర్తవ్యమును లేకపోలేదు. హంతకుడు దొరకినంతనే పుస్తకము మూసివేయుట మనకు వాడుక. చచ్చినవాడును మనుష్యుడుగ గనబడెనా, దోషికిని వాదము వినబడెనా, ఎవరి గుట్టైన మన వినోదమునకై బలియయ్యెనా యని యింటిల్లిపాదియు గూర్చుండి మాటలాడుకొనుట మేలు. అట్లడుగు చదువరు లున్నచోట, పేదవకీలు సొంత సొమ్ముతో వేసికొన్న పుస్తకమునకును ఒక న్యాయసభ యేర్పడును.