పరాయి దేశం, కిరాయి ఇల్లు, బీమా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఏ ముస్లిం మొహల్లాకు వెళ్ళినా, కొడుకో అల్లుడో పరదేశంలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఒకరు జిద్దాలోనో దుబాయిలోనో పని చేస్తుంటారు. మరొకరు అమెరికాలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉంటారు. వారిలో చాలామంది ఉండేది కిరాయి ఇళ్ళలోనే. అమెరికాలో అపార్ట్‌మెంటు తీసుకోబోయే పిల్లలకు తరచూ ఒక షరతు ఎదురవుతుంది. కిరాయిదారు తన పేరిట బీమా తీసుకుని ఆ కాగితం చూపిస్తేనే తాళంచెవులు ఇస్తామంటారు. ప్రభుత్వ చట్టం అడగదు, ఇంటి యాజమాన్యం అడుగుతుంది. పిల్లవాడు ఇంటికి ఫోను చేసి “అబ్బా, ఇది జాయజేనా?” అంటాడు. ఇక్కడ పెద్దల్లో ఒకరు “బీమా హరామ్, దగ్గరికి పోవద్దు” అంటారు. ఇంకొకరు “అక్కడ అందరూ తీసుకుంటారు, నువ్వూ తీసుకో” అంటారు. ఈ రెండూ తొందరపాటు జవాబులేనని మా అభిప్రాయం.

ముందు ఈ బీమా ఏమిటో తెలుసుకుందాం. భవనానికి యజమాని బీమా చేయించుకుంటాడు. అది గోడలకూ కప్పుకూ వర్తిస్తుంది గాని కిరాయిదారుని బట్టలకు, కంప్యూటరుకు, మంచానికి వర్తించదు. కిరాయిదారు తీసుకునే పాలసీలో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఒకటి, అగ్నిప్రమాదంలోనో దొంగతనంలోనో తన సామాను పోతే దానికి పరిహారం. రెండవది, తన వల్ల ఇతరులకు నష్టం కలిగితే ఆ నష్టం చెల్లింపు. పొయ్యి మీద నూనె మరిచిపోతే మంట పక్కింటికి పాకవచ్చు. కొళాయి కట్టకుండా వెళ్ళిపోతే నీళ్ళు కింది అంతస్తువారి ఇంట్లోకి కారవచ్చు. ఇలాంటి వాటికి ఈ రెండవ భాగం పనికివస్తుంది. సామాన్యంగా ఇందులో లక్ష డాలర్ల దాకా హామీ ఉంటుంది. వరద, భూకంపం మాత్రం ఇలాంటి పాలసీల్లో మామూలుగా ఉండవు. కాగితం చదవకుండా సంతకం చేసేవారు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

ఇక ధర్మశాస్త్రం విషయం. ఉలమాల అభ్యంతరం జాగ్రత్తపడటం మీద కాదు, ఆ వ్యాపారం నడిచే పద్ధతి మీద. మనం కట్టే సొమ్ముకు బదులుగా ఏదైనా వస్తుందో రాదో, వస్తే ఎంత వస్తుందో తెలియదు. దీన్నే షరీఅత్ పరిభాషలో ‘గరర్’ అంటారు. దానికి తోడు కంపెనీ ఆ సొమ్మును వడ్డీ వ్యాపారాల్లో పెడుతుంది. ఇందువల్లనే 1978లో మక్కాలోని ఫిఖ్ మండలి, 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించాయి. పరస్పర సహకార బీమాను మాత్రం ధర్మసమ్మతమన్నాయి. 1978 నాటి తీర్మానంతో సిరియాకు చెందిన ప్రసిద్ధ పండితుడు ముస్తఫా జర్ఖా ఏకీభవించలేదు. ఆయన దృష్టిలో బీమా స్వతహాగా నిషిద్ధం కాదు. మన దేశపు ఉలమాలు కూడా ఇక్కడి మతకలహాల్లో ముస్లిముల ఇళ్ళూ దుకాణాలూ తగలబడటం చూసి, 1990ల తొలినాళ్ళలో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ (ఇండియా) వేదిక మీద అవసరం దృష్ట్యా సడలింపు గురించి చర్చించారు. కనుక “ఉలమాలంతా ఒకే మాట అన్నారు” అనేవారు విషయం పూర్తిగా తెలుసుకోలేదన్నమాట.

ఈ తీర్మానాల కన్నా ఎక్కువగా మన ఇళ్ళలో వినబడేది వేరొక మాట. “అల్లాహ్ మీద భరోసా ఉన్నవాడికి బీమా ఎందుకు?” అంటారు. వినడానికి ఎంతో ఈమాన్ నిండిన మాట ఇది. కాని తవక్కుల్ అంటే ఏమిటో మనకు నేర్పినవారు దైవప్రవక్త (స). ఒంటెను వదిలేసి దైవం మీద భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు దాన్ని కట్టేసి ఆ తర్వాత భారం వేయమని ఆయన బోధించారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త విని దైవప్రవక్త (స) అగ్ని మీ శత్రువని హెచ్చరించి, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళుతూ అక్కడ ప్లేగు వ్యాపించిందని విని దారిలోనే వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగినప్పుడు, అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుంచి ఆయన నిర్ణయించిన మరో విధి వైపుకే పోతున్నామని చెప్పారు. వీరి తవక్కుల్ మన తవక్కుల్ కన్నా తక్కువదా?

అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. పాలసీలో రెండు భాగాలని చెప్పుకున్నాం. మొదటి భాగం మన సొంత సామానుకు సంబంధించినది. అది పోతే సబర్ చేయవచ్చు, ‘ఇన్నాలిల్లాహి’ అని మనసు కుదుటపరచుకోవచ్చు. ఆ సబర్‌కు పుణ్యం కూడా ఉంది. రెండవ భాగం మనది కాదు. కింది అంతస్తులో ఉంటున్న వృద్ధురాలి సామాను మన నిర్లక్ష్యం వల్ల తడిసిపోతే, ఆమె నష్టం మీద మనం సబర్ చేస్తామా? అది ఆమె హక్కు. ఇతరుల హక్కును హక్కుదారుడు క్షమించే వరకు అల్లాహ్ కూడా క్షమించడని మన పిల్లలకు మనమే నేర్పుతున్నాం గదా! అలాంటప్పుడు “నేను తవక్కుల్ చేసుకున్నాను” అనే యువకుడు పొరుగువాడి సొమ్ముతో తవక్కుల్ చేస్తున్నాడు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఒకసారి ఒక సతీమణి చేతి దెబ్బకు మరొక సతీమణి పంపిన పళ్ళెం పగిలిపోయింది. ఆయన పడిపోయిన అన్నాన్ని స్వయంగా ఏరి, పగిలిన పళ్ళేన్ని ఆ ఇంట్లోనే ఉంచి, మంచి పళ్ళెం అవతలి ఇంటికి పంపించారు. ఒక పళ్ళెం విషయంలోనే అంత పట్టింపు! అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజుకు ఆయన ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తన మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. లక్ష డాలర్ల నష్టం నెత్తిన పడితే సూర్యాపేటలోని తండ్రి ఏం అమ్మి కడతాడు? కోదాడ దగ్గర హైవే మీద లారీ నడిపే మన సోదరులకు ఈ సంగతి కొత్త కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎదుటివాడి నష్టానికి బీమా లేనిదే బండి రోడ్డెక్కరాదు. ఆ బీమాను ఉలమాలు తప్పనిసరి పరిస్థితిగా అంగీకరించారు, దాని అవసరాన్ని ప్రశ్నించేవారూ కనిపించరు.

మరి వాణిజ్య బీమాలోని దోషం సంగతి? దానికి ప్రత్యామ్నాయం ఉంది. యమన్‌కు చెందిన అష్అరీ తెగవారికి ప్రయాణంలో గాని ఊళ్ళో గాని ఆహారం తగ్గినప్పుడు, అందరూ తమ దగ్గర ఉన్నది ఒకే గుడ్డలో పోసి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అని దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. తకాఫుల్ అనే ఏర్పాటుకు ఉలమాలు చూపే పునాదుల్లో ఇదొకటి. అందులో సభ్యులు సొమ్మును విరాళంగా ఒక నిధిలో వేస్తారు, కష్టం వచ్చినవారికి ఆ నిధి నుంచి ఇస్తారు, నిధిని వడ్డీకి దూరంగా ఉంచుతారు. సూడాన్‌లో 1979లో ఇలాంటి కంపెనీ మొదలైంది. మలేషియా 1984లో దీని కోసం చట్టం చేసింది. సౌదీ అరేబియాలో 2003 నాటి చట్టం బీమా కంపెనీలు సహకార పద్ధతిలోనే నడవాలంటుంది. ఎమిరేట్స్‌లో ఇంటి సామానుకు కూడా తకాఫుల్ దొరుకుతుంది. కనుక గల్ఫ్‌లో ఉన్నవారికి “గత్యంతరం లేదు” అనే సాకు అంతగా చెల్లదు. అమెరికాలో అలాంటిది అంత సులభంగా దొరకదు. అక్కడ ఒప్పందం కోరినంత మేరకు, ఇతరుల నష్టానికి సంబంధించిన భాగం కోసం తీసుకోవడంలో వెసులుబాటు ఉందని మేము భావిస్తున్నాం. ఖరీదైన ఫోన్లకు, నగలకు అదనపు ప్రీమియం కట్టి పాలసీని పెంచుకుంటూ పోవడానికి ఆ వెసులుబాటు చాలదు. పరిహారం వస్తే కట్టిన ప్రీమియం వరకే ఉంచుకుని మిగిలింది పేదలకు ఇవ్వాలనే పండితులూ ఉన్నారు, ఆ అవసరం లేదనేవారూ ఉన్నారు. దీన్ని తమ స్థానిక ఆలింను అడిగి నిర్ణయించుకోవాలి.

బీమా హలాలా కాదా అని రోజుల తరబడి చర్చించేవారు కొందరు అంతకన్నా స్పష్టమైన హరామ్‌ను గమనించరు. ఇద్దరి పేరిట తీసుకున్న ఇంట్లో ఐదుగురు ఉంటారు. యజమానికి చెప్పరు. కిరాయి ఒప్పందం ఒక వాగ్దానం, దాన్ని విశ్వాసి దాచిపెట్టి భంగం చేయడు. పైగా పాలసీలో పేరు లేని సహవాసి సామానుకు అది మామూలుగా వర్తించదు. ప్రమాదం జరిగిన రోజున అతడికి ఏమీ దక్కదు. పోని వస్తువును పోయిందని రాయడం, పాత టీవీకి కొత్త టీవీ ధర వేయడం ఇంకొక రోగం. “కంపెనీ సొమ్మే గదా, అదీ ముస్లిమేతరుల సొమ్ము” అనేవారిని మేము విన్నాం. మక్కా ప్రజలు తనను చంపజూసిన రాత్రి కూడా వారి అమానతులు వారికి చేర్చడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనక నిలిపి వెళ్ళిన ప్రవక్త (స) సమాజం ఈ మాట అనవచ్చునా?

గల్ఫ్‌లో కూలిపనికి వెళ్ళినవారి సంగతి వేరు. గది యజమాని ఎవరో కూడా వారికి తెలియదు, కంపెనీ చూపిన మంచమే ఇల్లు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడి దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో 40 మందికి పైగా భారతీయులే. అదే సంవత్సరం ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో 1949 నుంచి నమోదైన రికార్డుల్లోనే అతి పెద్ద వర్షం పడి ఇళ్ళూ వాహనాలూ మునిగాయి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద ఇలాంటి దేశాలకు పనికి వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017 సవరణ ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, దాని మీద పన్ను. ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం కలిగితే 10 లక్షల రూపాయలు వస్తాయి. అది గదిలోని సామానుకు కాదు, మనిషికి. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల చేతిలో పడినవారికి ఇది కూడా ఉండదు.

మిర్యాలగూడలో ధాన్యం మిల్లు ఉన్నా, కోదాడలో చిన్న దుకాణం ఉన్నా, కొడుకును పంపిన ప్రతి తండ్రీ ఫోనులో “తిన్నావా, నమాజు చదివావా” అని అడుగుతాడు. ఇంకో నాలుగు మాటలు కూడా అడగాలని మా కోరిక. కిరాయి కాగితంలో నీ పేరు ఉందా, గదిలో ఎంతమంది ఉన్నారో యజమానికి తెలుసా, నీ వల్ల పక్కవారికి నష్టం జరిగితే ఎవరు కడతారు, రాత్రి పడుకునే ముందు పొయ్యి ఆర్పావా?