అడవి కాపునకు ప్రతిఫలము – న్యాయవిచారము

అడవిని కాపాడినవానికి ప్రతిఫల మీయవలెనా? ఈయవలసినచో ఎవరికి, ఎంత? పైకి ఇది లెక్కల ప్రశ్నవలె తోచును గాని దీని మూలము ధర్మవిచారమున గలదు.

కొండమీది అడవి నిలిచినంతకాలము దిగువ పల్లెకు నీరు తేటగా అందును, జీవజాతులు బ్రతుకును. దానిని నరుకక విడిచిన రైతు మాత్రము పంటను, పశుగ్రాసమును వదలుకొనును. లాభము అందరిది, నష్టము ఒక్కనిది. ఈ అసమానతను సరిదిద్దుటకే సంరక్షణకు ప్రతిఫలమిచ్చు పద్ధతి ఏర్పడినది.

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. పశువుల మేతబీళ్ల కొఱకు అడవులను నరుకగా, 1980 దశకము నాటికి అచట అడవి దేశ విస్తీర్ణములో సుమారు నాలుగవ వంతుకు తగ్గినది. 1996 నాటి అటవీ చట్టము అడవి చేయు నాలుగు ఉపకారములను గుర్తించినది: వాతావరణమును వేడెక్కించు వాయువులను తగ్గించుట, నీటిని కాపాడుట, జీవవైవిధ్యమును నిలుపుట, ప్రకృతి సౌందర్యమును రక్షించుట. 1997 నుండి ఒక ప్రభుత్వ నిధి భూమి యజమానులతో ఒప్పందములు చేసికొని హెక్టారునకు ఇంతయని చెల్లించుచు వచ్చినది. ఇంధన పన్ను రాబడిలో 3.5 శాతమును దానికి కేటాయించిరి. నేడు ఆ దేశమున సగమునకు పైగా అడవియే. ఈ ఫలితము సొమ్ము వలననే కలిగినదనరాదు. నరుకుటపై నిషేధము, పశుపోషణలో లాభము తగ్గుట, యాత్రికుల రాక కూడ తోడ్పడినవి.

అయినను ఫలితము మంచిదైనంతమాత్రమున పంపకము న్యాయమైనదని చెప్పజాలము. తొలుత పట్టా గలవారికే ఈ సొమ్ము దక్కినది. ఏండ్ల తరబడి భూమిని అనుభవించుచు కాగితము లేని చిన్న రైతు వెలుపల నిలిచెను. ఒప్పందమునకగు ఖర్చు పెద్ద కమతము వానికి స్వల్పము, చిన్నవానికి భారము. బీడు అడవిగా మారినచోట పని కోల్పోయిన కూలివాని పేరు ఏ ఒప్పందమునను లేదు. కాలక్రమమున ఆ దేశము పట్టా నియమమును సడలించి, వెనుకబడిన ప్రాంతములకు, ఆదివాసుల భూములకు ప్రాధాన్య మిచ్చినది. లోపమును గుర్తించి దిద్దుకొనుట మెచ్చదగినదే.

ఇచట ఒక ఆక్షేపణ గలదు. నిధి అడవి కొఱకే గాని పేదరిక నివారణకు కాదనియు, తక్కువ సొమ్మునకు ఒప్పుకొనువారిని ఎన్నుకొన్నచో అదే ధనముతో ఎక్కువ అడవి నిలుచుననియు కొందఱందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ప్రజాధనమును వృథా చేయుటయు అన్యాయమే. కాని పేదవాడు తక్కువకు ఏల ఒప్పుకొనును? వాని అడవి చేయు మేలు తక్కువయై కాదు, వాని అవసరము పెద్దదై. ఆకలిగొన్నవాని సమ్మతి పూర్ణమైన స్వేచ్ఛ యనదగునా? ఒకే కొండనుండి ఒకే నీరు దిగుచుండగా, ఇవతలివాని కాయకమునకు ఒక వెల, అవతలివానికి వేఱొక వెల కట్టుట పేదరికముతో బేరమాడుటయే.

మఱియు మానవుని క్షేమము సొమ్ముతోనే కొలువబడదు. అడవిలో ప్రవేశము నిషేధించినచో కట్టెలకై దూరము నడువవలసినది ఇల్లాలు. సొమ్ము చేరునది యజమాని పేరున. కావున ఒప్పందమునకు ముందే భూమి గలవానితోపాటు ఆ అడవిని నమ్ముకొని బ్రతుకు వారినందఱిని సంప్రదింపవలెను. వారికి కలుగు నష్టమును సైతము లెక్కలోనికి తీసికొనవలెను.

పాఠకులు ఒక్క విషయము గమనింతురుగాక. ఈ ప్రతిఫలము దానము కాదు. దిగువన నీరు త్రాగువారు ఎగువవారికి తీర్పవలసిన ఋణము. ఋణము తీర్చువాడు ఇచ్చినవాని పేదరికమును చూచి అసలు తగ్గింపడు.