విచారకాలమున కృతజ్ఞత

మృగశిర దాఁటి ఆరుద్ర వచ్చినను వాన పడని యేఁట కరీంనగరు ప్రాంతపు రైతు మనస్సు ఎట్లుండునో చెప్ప నక్కఱలేదు. ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి విత్తినవాఁడు, మొలక యెండినచో మరల విత్తనము కొనవలెను. దానికై మరల అప్పు చేయవలెను. అట్టి దినములలో ఆ సీమ క్రైస్తవుఁడు ప్రార్థనకుఁ గూర్చుండఁగా, అతని మతగ్రంథము స్తోత్రమును మానవలదనుచున్నది. ఇది న్యాయమా? లేని సంతోషమును నటించి దేవుని మెప్పింపఁ జూచుట కాదా?

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఫిలిప్పీయులకు ఈ యుపదేశము వ్రాసిన పౌలు అప్పుడు బంధితుఁడు. విచారమును దాఁచుకొనుమని యాతఁడు చెప్పలేదు. దానిని విన్నపముగా మార్చి, కృతజ్ఞతతోఁ గూర్చి దేవుని యెదుట నుంచుమనెను. యేసు తాను పట్టువడిన రాత్రి రొట్టె చేతఁబట్టి స్తుతి చెల్లించెను. ఆ రాత్రియే గెత్సేమనే తోఁటలో తన శ్రమ తప్పింపుమని తండ్రిని వేఁడుకొనెను. కావున స్తుతించువాఁ డడుగరాదనుట ఆ మతమునకే విరుద్ధము.

తెలుఁగున విభక్తి యొక్కటి మాఱిన ధర్మమే మాఱిపోవును. కష్టమునందు కృతజ్ఞత వేఱు. కష్టమునకై కృతజ్ఞత వేఱు. బిడ్డ జ్వరముతోఁ బడియుండఁగా ఆ జ్వరమునకై వందన మాచరింపు మనువాఁడు క్రూరుఁడు. రాత్రియెల్ల మేలుకొని తోడుండిన పొరుగింటి యామెను తలఁచుకొను మనువాఁడు అట్టివాఁడు కాఁడు. ఉన్న సత్యమునే జ్ఞప్తికిఁ దెచ్చుచున్నాఁడు. భయము దృష్టిని ఇఱుకు చేయును. రాఁబోవు కీడొక్కటే కనఁబడి, చేతనున్న మేలు మఱుఁగుపడును. కృతజ్ఞత ఆ భయమును అబద్ధమనదు, అదియే సర్వస్వము కాదనును.

అయినను కలిగినవారు లేనివారికి కృతజ్ఞత బోధించునపుడు మిక్కిలి జాగరూకత వలయును. అప్పిచ్చినవాఁడే ఋణస్థునకు సంతృప్తిని ఉపదేశించుట మనము చూడని వింత కాదు! నిజాము రాజ్యమున వెస్లియను మిషను మూలమున క్రైస్తవులైనవారిలో పెక్కుమంది మాల మాదిగలు, వెట్టిచాకిరి నెఱిఁగినవారు. దొర గడియ నుండి వచ్చిన గింజకు దొరకే మ్రొక్కవలసిన కాల మది. అట్టివారు పండుగనాఁడు ధాన్యము తెచ్చి దేవునికి స్తోత్రము చేయుట యనఁగా, ఆ గింజ దొర పెట్టిన భిక్ష కాదని పదిమందిలోఁ జెప్పుటయే. ఆ స్తోత్రమున అణఁకువకంటె స్వాతంత్ర్యమే హెచ్చని నా తలంపు.

పొరుగుననున్న మెదకు దేవాలయమును చూచినవారికి మఱియొక సంగతి తోఁచును. పాస్నెట్టు దొరగారి పూనికతో 1914లో నారంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపఁబడిన ఆ కట్టడపుఁ బని, కఱవుకాలమున ఆఁకలిగొన్నవారికి జీవనాధార మయ్యెనని చెప్పుదురు. స్తుతింపుమనుటకు ముందు పని చూపుట యుచితమైన క్రమము.

ఇఁక ప్రార్థించువాని మాట. అతఁడు తన విచారమును పేరుపెట్టి చెప్పవలెను: ఇంత యప్పు, ఈ గడువు, ఈ యెండిన చేను. అది చెప్పిన పిమ్మటనే, ఇంకను నీరున్న బావిని, బదులిచ్చిన యెద్దుల జతను లెక్కింపవచ్చును. వాన పడకపోవచ్చును. సాహుకారు గడువునాఁటికి వచ్చియే తీఱును. ఆ బదులిచ్చినవాని యింటికి పోయి ఆలోచన యడుగుటకు అంతవఱకు వ్యవధి యున్నది.