గట్టు వేయక ముందు

ధ్యాన భాగములు: లూకా 12:13–15; ఆదికాండము 13:5–12; సంఖ్యాకాండము 27:1–11



సంక్రాంతి దాటి, కళ్ళములలో నూర్పులు ముగిసిన పిమ్మట మన పల్లెలలో పంపకముల కాలము వచ్చును. చేను ఖాళీగా నుండును, గట్లు కంటికి కనబడును, కొలత గొలుసు లాగుటకు అడ్డముండదు. ఈ యేడు అట్టి దినములలో నాగావళి యొడ్డున నున్న యొక గ్రామములో మన సంఘస్థులైన ఇద్దరు అన్నదమ్ములు మమ్మును పిలిచిరి. "అయ్యగారూ, తమరు కూర్చుంటే ఎవరికీ మాట రాదు. చీటీలు తమరి చేతిమీదుగానే తీయించండి" అనిరి. తండ్రి విడిచిపోయిన భూమి 3 ఎకరముల 60 సెంట్లు. ఒక్కొక్కరికి 1 ఎకరము 80 సెంట్లు. తల్లి నెల వంతున ఒకసారి పెద్దవాని యింటను, ఒకసారి చిన్నవాని యింటను భోజనము చేయవలెను. లెక్క చక్కగా సరిపోయెను. గుమ్మము ప్రక్కన వారి అప్ప నిలిచియుండెను. ఆమె లెక్కలో లేదు.

భాగములు సమానమైనంత మాత్రమున పంపకము న్యాయమగునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన ముత్తాతల దినములకు ఒకసారి వెళ్ళి చూతము.

పందొమ్మిదవ శతాబ్దములో శ్రీకాకుళము గంజాము జిల్లాలోను, విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోను చేరియుండెను. 1802లో కుంపిణీవారు శాశ్వత శిస్తు నిర్ణయము చేయగా, జమీందారు కట్టవలసిన పేష్కషు స్థిరపడెను గాని, రైతు జమీందారునకు కట్టు శిస్తు అట్లు స్థిరపడలేదు. రైతునకు సాగు హక్కు చట్టములో గట్టిపడినది 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టముతోనే. పెద్ద జమీందారీలు తరచుగా భాగింపబడక జ్యేష్ఠునికే చెందుచుండెను. తమ్ములకు భరణము దొరకెడిది. 1904లో మద్రాసు ప్రభుత్వము ఆ యాచారమునకు చట్టము కూడ చేసెను. రైతు మడి మాత్రము తరతరమునకు ముక్కలగుచుండెను.

ఆ పంపకమునకు ఆధారము మితాక్షర ధర్మము. కొడుకునకు పుట్టుకతోనే పిత్రార్జితములో హక్కు కలదని అది చెప్పును. అన్నదమ్ములెవరికిని అన్యాయము జరుగకుండునట్లు పల్లపు మడిని, మెట్ట చేనును, తోటను వేరువేరుగా భాగించెడివారు. ఒక యెకరమును ముగ్గురు కొడుకులు, వారి ముగ్గురేసి కొడుకులు, మరల వారి ముగ్గురేసి కొడుకులు పంచుకొనిన యెడల మూడవ తరమునకు 27 ముక్కలగును. ఒక్కొక్కటి 4 సెంట్లు కూడ రాదు. గట్లే కొంత నేల తినివేయును. మదుము నుండి వచ్చు నీరు అన్న మడి దాటి తమ్ముని మడికి పోవలెను గనుక, కరవు యేట తగవు అక్కడనే పుట్టును. ఇంటి భూమి కడుపు నింపలేక, ఆ శతాబ్దపు చివర మన తీరమునుండి వేలమంది ఓడలెక్కి రంగము పోయి, ధాన్యపు మిల్లులలోను రేవులలోను కూలి చేసిరి.

మన భాషయే దీనికి సాక్షి. దాయమనగా పిత్రార్జితము, దాయాది యనగా ఆ దాయములో పాలు గలవాడు, అనగా స్వంత రక్తసంబంధి. అయినను "దాయాది" యన్న మాట వినగానే మనకు పగయే తోచును. తెలుగులో "దాయ" యను మాటకు శత్రువను అర్థము కూడ కలదు. ఒక పొలమును పంచుకొనినవారు ఎంత తరచుగా శత్రువులైరో గదా, ఒకే మాట రెండర్థములను మోయవలసి వచ్చెను!

అయితే ఆ మితాక్షరలోనే మేము మెచ్చిన మాట యొకటి కలదు. పూర్వ శాస్త్రములలో జ్యేష్ఠునకు అధిక భాగమీయబడెను. మోషే ధర్మశాస్త్రములోను జ్యేష్ఠునకు రెండు పాళ్ళు నియమింపబడెను (ద్వితీ. 21:17). విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానము వ్రాయుచు, విషమ విభాగము శాస్త్రములో ఉన్నప్పటికిని లోకము దానిని ఏవగించుకొనుచున్నది గనుక ఆచరింపరాదని చెప్పెను. జనుల మనస్సాక్షి ఒక పాత నియమమును పక్కన పెట్టగలదని ఆయన యొప్పుకొనెను. అన్నకును తమ్మునికిని మధ్య మేలుకొనిన ఆ మనస్సాక్షి అప్ప దగ్గర మాత్రము ఎందుకు నిద్రించెను?

క్రైస్తవుల సంగతి చూతము. హిందూ ధర్మశాస్త్రము ప్రకారము మతము విడిచినవాడు వాటా కోల్పోవును. 1850లో చేసిన 21వ చట్టము ఆ యడ్డు తొలగించెను. బళ్లారిలోని అబ్రాహాము అను క్రైస్తవ కుటుంబమున అన్న చనిపోగా, తమ్ముడు అవిభక్త కుటుంబపు నియమము చొప్పున సగము నాదనెను; వితంతువు కాదనెను. ఆ వ్యాజ్యెము లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. క్రైస్తవుడైనవానిని పాత ధర్మశాస్త్రము బంధింపదు, అయితే పాత ఆచారమును ఉంచుకొనుటయో విడిచిపెట్టుటయో అతడే నిర్ణయించుకొనవచ్చునని 1863లో తీర్పు వచ్చెను. రెండేండ్లకే, 1865లో, భారత వారసత్వ చట్టము వచ్చెను. దాని స్థానమున నేడు 1925 నాటి చట్టము కలదు. క్రైస్తవుడు వీలునామా లేక చనిపోయిన యెడల వితంతువునకు మూడవ వంతు, తక్కినది బిడ్డలకు సమానముగా. కుమారుడని కుమార్తెయని భేదము లేదు.

ఆ లెక్కన ఆ 3 ఎకరముల 60 సెంట్లలో తల్లికి 1 ఎకరము 20 సెంట్లు, ముగ్గురు బిడ్డలకు తలకొక 80 సెంట్లు రావలెను. తల్లి కొడుకుల వంతున తిను అతిథి కాదు, ఆ యింటి పెద్ద భాగస్థురాలు. చట్టము ఇంత స్పష్టముగా నున్నను, మన యిండ్లలో ఇంతకాలమును కుమార్తె చేత హక్కు విడుదల దస్తావేజు వ్రాయించుచునే యున్నాము.

మేమిట్లు వ్రాయుటకు ముందు ఒక సంగతి యొప్పుకొనవలెను. మేము వేదాంత పాఠశాలలో చదువుచుండగా మా నాయన ప్రభువునందు నిద్రించెను. రెండెకరముల భూమిని మా అన్నయును మేమును పంచుకొంటిమి. మా అప్ప వేలిముద్ర వేసినప్పుడు సిరా పెట్టె పట్టుకొనినవారము మేమే. ఆ కాగితములో ఏమున్నదని ఆమె అడుగలేదు, మేము చెప్పలేదు. ఆ రాత్రియే పాఠశాలకు తిరిగి వెళ్ళి, మరునాడు ఆమోసు గ్రంథముపై పరీక్ష వ్రాసితిమి. మంచి మార్కులు వచ్చెను.

గనుక ఆ దినమున చీటీలు తీయక, "మీ అప్ప మాటేమిటి?" అని అడిగితిమి. పెద్దవాడు, "ఆడపిల్లకి పెళ్ళప్పుడే ఇచ్చేసినాం కదండీ" అనెను. ఆమె తల వంచుకొని, "నాకేటీ ఒద్దు అయ్యగారూ. తమ్ముళ్ళ గుమ్మం నాకు మూసీకపోతే సాలు" అనెను.

ఆ మాట మమ్మును నిద్రపోనీయలేదు. అందరును దానిని త్యాగమని మెచ్చుకొనిరి. అది త్యాగమా, లేక పుట్టింటి గుమ్మము తెరచియుంచుటకు చెల్లించిన వెలయా? అబ్రాము లోతుతో భూమి విషయము మాటలాడినప్పుడు పెద్దవాడు అబ్రామే. ముందుగా కోరుకొను హక్కు అతనిదే. హక్కు గలవాడు, బలము గలవాడు విడిచిపెట్టెను. అందుకే అది విశ్వాసమాయెను. మనమైతే అబ్రాము పాఠమును ఇంటిలో అందరికంటె బలహీనురాలైన దాని మెడకు కట్టుచున్నాము. కాదనలేనివారు విడిచినది కానుక కాదు.

కొందరు, "ప్రభువే పంపకము చేయనని చెప్పెను గదా, సంఘమునకు ఈ గొడవ ఏల?" అందురు. ఆయన న్యాయాధిపతిగా కూర్చుండలేదు, నిజమే. కాని అడిగినవాని కోరిక అబద్ధమని ఆయన అనలేదు. అక్కడనున్న వారందరిని లోభము విషయమై హెచ్చరించెను. ఆ మాట వాటా అడుగువానికి ఎంత తగులునో, భూమిని బిగబట్టుకొనినవానికి అంతకంటె ఎక్కువ తగులును. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు సమాజమంతటి యెదుట నిలువబడి భాగమడిగినప్పుడు, వారి మాట న్యాయమని దేవుడే మోషేతో చెప్పెను. కాపరి చీటీలు తీయనవసరము లేదు. లెక్కలో లేనివారిని చూపించుట మాత్రము అతని పనియే.

మరియొక ఆక్షేపణ బరువైనది: "ఉన్నదే కొంచెము, ఇంకను కోసిన యెడల ఎవరికిని బ్రతుకు రాదు." మన ముత్తాతల ముక్కలు చూచినవారు దీనిని త్రోసివేయలేరు. అయితే నేలను కోయకుండ గింజలు కొలువవచ్చును. అప్ప భాగమును తమ్ములే సాగుచేసి యేటేట కౌలు ధాన్యము పంపవచ్చును, లేక విలువ కట్టి తీర్చవచ్చును. పెండ్లిలో ఇచ్చితిమందుమా, అప్పుడిచ్చినది వియ్యాలవారికి. ఆమె చేతికి ఏమిచ్చితిమి?

మూడు వారములకు ఆ యన్నదమ్ములు మరల కూర్చుండిరి. తల్లి భాగము తల్లి పేర వ్రాసిరి. అప్పకు 80 సెంట్లు కాదు, 40 సెంట్లు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఇది పూర్ణ న్యాయమని మేము వ్రాయము. పెద్దవాడు ఇప్పటికిని ఆరాధన ముగియగానే మమ్మును పలుకరింపకయే వెళ్ళుచున్నాడు. అయినను ఆమె పేరు కాగితము మీదికి వచ్చెను.

మా భాగమును మేము ఏనాడో అమ్ముకొంటిమి. అందులో మా అప్పకు చెందవలసిన దానిని కోతపండుగకు కొంత చొప్పున చెల్లింప నారంభించితిమి. మొదటిసారి తీసికొని వెళ్ళినప్పుడు ఆమె నవ్వి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందిరా?" అనెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

ప్రియులారా, మీ యింట పంపకమున్న యెడల గొలుసు లాగక ముందు, రాయి పాతక ముందు, గుమ్మము ప్రక్కన ఎవరు నిలిచియున్నారో తిరిగి చూడుడి. తన కుమారునితో మనలను తోడి వారసులనుగా చేసికొనిన దేవుడు అట్టి చూపును మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.